మన ఊరి సంఘం వార్షిక నివేదిక: విగ్రహం పెట్టలేదు, ఊట బాగుచేశాం

సభ్యులందరికీ నమస్కారం.

గత ఉగాది నుంచి ఈ ఉగాది దాకా సంఘం ఏం చేసింది, ఏం చేయలేకపోయింది, దేని దగ్గర ఇంకా గొడవ తెగలేదు అన్నది ఇందులో రాస్తున్నాను. ఊళ్లో ఉన్నవాళ్లకు సగం సంగతులు తెలిసినవే. విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలు చేసుకుంటూ చందా పంపుతున్నవాళ్ల కోసమే కాస్త వివరంగా రాయాల్సి వచ్చింది. "డబ్బులు పంపుతున్నాం గానీ ఊళ్లో ఏం జరుగుతుందో మాకెవరూ చెప్పరు" అని సంక్రాంతికి వచ్చినప్పుడు కొందరు మొహం మీదే అడిగారు. అడగడంలో న్యాయం ఉంది.

ముందు విగ్రహం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఏడాదంతా ఫోన్లలో అందరూ అడిగింది అదే. పోయినేడాది సర్వసభ్య సమావేశంలో మన కుర్రాళ్లు ఊరి మొదట్లో, రోడ్డు మలుపు దగ్గర అల్లూరి సీతారామరాజు విగ్రహం పెడదామన్నారు. చలికాలంలో లంబసింగికి, చెరువులవేనానికి మంచు చూడ్డానికి వచ్చే కార్లు ఆ మలుపులోనే తిరుగుతాయి, ఆగి ఫొటో తీసుకుంటారు, పక్కన నాలుగు కొట్లు పెట్టుకోవచ్చు అన్నది వాళ్ల లెక్క. తప్పు లెక్కేం కాదు. కానీ ఆ మీటింగులోనే ఒక తాత లేచి, రాజుగారి విగ్రహం లేని జంక్షన్ ఈ చుట్టుపక్కల ఎక్కడుంది, ఆయన వెనకాల నడిచిన మన కొండలోళ్ల పేర్లు ఎక్కడైనా రాసున్నాయా అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత చాలాసేపు అందరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి తేలిందేంటంటే, విగ్రహానికని పోగేసిన డబ్బు ఊట బాగుచేతకు, బడి గోడ మీద పేర్లు రాయించడానికి, పెద్దోళ్ల దగ్గరున్న పాటలూ కథలూ పుస్తకంలోకి ఎక్కించడానికి వాడాలని. ఇద్దరు సభ్యులు దీనికి ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. వాళ్ల మాట కూడా మినిట్స్‌లో రాశాం.

బడి గోడ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. గోడ మీద ఏం రాయాలన్న దగ్గరే రెండు నెలలు గడిచిపోయాయి. మన పిల్లల్ని మన్యం తిరుగుబాటు గురించి అడిగితే సినిమాలో చూసిందే చెప్తున్నారు, బాణం, గుర్రం, పాట. కోపం ఎక్కడ మొదలైందో ఒక్కరూ చెప్పలేదు. అందుకని గోడ అక్కడి నుంచే మొదలుపెట్టాం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, అడవి నరికి, కాల్చి పోడు సాగు చేసుకునే కొండ ఉన్నట్టుండి సర్కారుదైపోయింది. కట్టెకి అడ్డు, పశువుకి అడ్డు. ఆ పైన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగికి రోడ్డు వేయించడానికి మన జనాన్ని పట్టుకెళ్లి, కూలి సరిగ్గా ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. మనం ఇవాళ బస్సులో కునుకు తీస్తూ ఎక్కే ఘాట్ రోడ్డుకి మొదట రాళ్లు మోసింది మన తాతల తండ్రులే. ఎదురు తిరిగిన గాం గంటం దొర బట్టిపనుకుల ముఠాదారు, అంటే కొన్ని ఊళ్ల మీద పెత్తందారు, ఆయనకి ఆ ముఠాదారీ ఊడింది. రాజుగారితో గంటం దొర, ఆయన తమ్ముడు మల్లు దొర చేతులు కలపడం వెనక ఇదంతా ఉంది.

ఆ తర్వాత సంగతి గోడ మీద తేదీలతో ఉంది. 1922 ఆగస్టు 22న రాజుగారి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. పట్టుకెళ్లిన తుపాకులు, తూటాల లెక్క స్టేషన్ పుస్తకంలో రాసిపెట్టి మరీ వెళ్లారు. ఇది చదివి మా కోశాధికారి "సంఘం లెక్కలు కూడా అంత నిక్కచ్చిగా ఉండాల్రా" అన్నాడు, పక్కనున్నవాళ్లు ఆయన వైపు అదోలా చూశారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్లదొరలు ఆ దళం చేతిలో చనిపోయారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఇప్పటికీ ఉన్నాయి, పేర్లు చెక్కి మరీ. మనవాళ్లలో ఎందరికి అలా రాయి దక్కిందో మీరే ఆలోచించండి. మలబార్ పోలీసులు వచ్చారు, తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుగారిని కాల్చేశారు, తర్వాతి నెలలో గంటం దొర కూడా పోయాడు. మల్లు దొర మాత్రం ఏళ్ల తరబడి జైలు చూసి బయటికొచ్చి, 1952లో మొదటి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈ చివరి సంగతి మన ఊళ్లో డిగ్రీ చదివినవాళ్లలో కూడా చాలామందికి తెలీదు. జిల్లాకి 2022 ఏప్రిల్ 4 నుంచి రాజుగారి పేరు పెట్టుకున్నాం, మంచిదే. పక్కనే గంటం దొర, మల్లు దొరల పేర్లు కూడా పిల్లల నోట నానాలి కదా.

గోడ దగ్గర ఇంకో తకరారు వచ్చింది. మూడు నాలుగు ఇళ్లవాళ్లు మా ముత్తాత కూడా రాజుగారికి బియ్యం మోశాడు, మా ముత్తాత కొండ దారి చూపించాడు, ఆయన పేరు కూడా గోడకెక్కించండి అన్నారు. అబద్ధం అని ఎవరూ అనలేదు. కానీ కాగితం మీద రుజువున్న పేర్లే గోడ మీద, ఇంటి కథలు మాత్రం పుస్తకంలో, చెప్పినవాళ్ల పేరుతో సహా, అని తీర్మానం చేశాం. నొచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అయినా ఇదే సరైనదని నా ఉద్దేశం, ఎందుకంటే ఒకసారి గోడ మీద పడిన మాటని ఇంకెవరూ ప్రశ్నించరు. పుస్తకంలో ఉన్నదాన్ని పదిమంది చదివి, ఇలా కాదు అలా అని పక్కన రాయొచ్చు. పైగా ఇంటి కథల్లోనే అసలు విషయం ఉంది. పోలీసు పటాలం వస్తుందని తెలిసి ఊరు ఊరంతా గిన్నెలు, కోళ్లు, పసిపిల్లలతో అడవిలోకి పోయి దాక్కున్న కథ ఒక మామ్మ చెప్పింది, ఆమెకి ఆమె అత్త చెప్పిందట. పిల్ల ఏడిస్తే దొరికిపోతామని ఎలా నోరు మూసేవారో, పొగ కనపడకూడదని పగలు పొయ్యి వెలిగించేవాళ్లు కాదని, నానబెట్టిన చోళ్లు (రాగులు) పచ్చివే నమిలేవాళ్లని. భయపడి పోలీసులకు దారి చెప్పినవాళ్లు కూడా ఉన్నారంది. ఆ పేర్లు ఆమె చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇక పాటలు. బడి మాస్టారి ఫోన్, అది కాకపోతే కాలేజీ పిల్లల ఫోన్లు, ఇదే మన స్టూడియో. మొదట్లో మామ్మల్ని సంఘం గదిలో కూర్చోబెట్టి నాట్ల పాట పాడమంటే రెండు ముక్కలు పాడి ఆగిపోయేవాళ్లు. మర్చిపోయారేమో అనుకుని దిగులుపడ్డాం. జూలైలో నాట్లు పడ్డప్పుడు ఒక పిల్ల ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో కట్టి, మెళ్లో వేసుకుని మడిలోకి దిగింది. అదే మామ్మలు, నడుం వంచి, చేతిలో నారు కట్టతో, ఎక్కడా తడుముకోకుండా పాడారు. ఒకామె అందుకుంటే మిగతావాళ్లు వెనకాల, చేతి కదలికకు సరిగ్గా మాట పడుతుంది, వరుస చివరికి వచ్చేసరికి పాట చరణం కూడా అయిపోతుంది. కుర్చీలో కూర్చుంటే ఆ పాట ఎందుకొస్తుంది? రికార్డింగులో సగం బురద చప్పుడే ఉంది, మధ్యలో ఎవరో ఎవర్నో తిట్టడం కూడా ఉంది, అదేమీ కత్తిరించలేదు. మన వేట పండగ, ఇటుకల పండుగ పాటలు కూడా అలాగే పండుగలోనే తీశాం. దారికి అడ్డంగా దుంగ పెట్టి, బండి ఆపి, ఆడవాళ్లు డబ్బులు అడుగుతూ పాడతారు కదా, ఆ బండివాళ్లని ఏడిపించే మాటలు ప్రతి ఏడూ కొత్తవి పుడతాయి. ఈసారి ఫోన్ పే మీద కూడా ఒక చరణం వచ్చింది.

మన థింసా నాట్యం విషయంలో నాకు కాస్త బెంగగానే ఉంది. ఆడేవాళ్లకు కొదవ లేదు. టూరిస్టుల క్యాంపుల్లో రాత్రిపూట ఆడటానికి పిలుస్తున్నారు, డబ్బులిస్తున్నారు, మన ఆడపిల్లలకు అది చేతి ఖర్చు, దాన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. కాకపోతే తుడుము, డప్పు, కిరిడి కొట్టేవాళ్లు ఉన్నారు గానీ మోరి ఊదేది ఊళ్లో ఒకే ఒక్క ముసలాయన. ఊపిరి ఎక్కడ పీలుస్తాడో తెలీదు, బుగ్గల్లో గాలి నింపుకుని స్వరం తెగకుండా నడిపిస్తాడు. ఆయనకి జ్వరం వచ్చిన రోజు క్యాంపు వాళ్లు స్పీకర్లో పాట పెట్టేసి ఆడించారు. ఎవరికీ తేడా తెలీలేదట. ఆయన దగ్గర నేర్చుకోమంటే మగపిల్లలు ఒకరిద్దరు వచ్చి వారం తిరక్కుండా మానేశారు. ఇప్పుడు ఇంటర్ చదివే ఒక అమ్మాయి రోజూ సాయంత్రం వెళ్తోంది. మోరి ఆడవాళ్లు ఊదరు కదా అని కొందరు గొణుగుతున్నారు. గొణిగేవాళ్లలో ఒక్కరి కొడుకైనా వచ్చి నేర్చుకుంటే అప్పుడు మాట్లాడదాం.

ఊట పనికి వస్తాను. పై ఊట ఎండాకాలంలో సన్నబడిపోయిందని, ఆడవాళ్లు కింద గెడ్డ (వాగు) దాకా దిగాల్సి వస్తోందని మీ అందరికీ తెలుసు. గ్రావిటీ పైపు నీళ్లు కూడా ఆ ఊట మీదే ఆధారం. పోయినసారి, అంటే చాలా ఏళ్ల కిందట, ఒక పథకంలో ఎవరో వచ్చి ఊట గుంత అడుగంతా సిమెంట్ చేసి వెళ్లారు. చూడ్డానికి బాగుంది. కానీ నీరు కింది నుంచి రాళ్ల సందుల్లోంచి ఊరుతుంది, అడుగు మూసేస్తే అది వేరే దారి వెతుక్కుంటుంది, అలాగే పక్కన దిగువకి జారిపోయింది. ఈసారి మేం చేసిందల్లా ఆ సిమెంట్ పగలగొట్టడం. ఇంటికో మనిషి చొప్పున వచ్చారు, రాని ఇళ్లవాళ్లు అన్నం పంపారు. సిమెంట్ తీసి, పూడిక ఎత్తి, అడుగున గులకరాళ్లు, చుట్టూ సున్నం సిమెంట్ లేకుండా రాయి మీద రాయి పేర్చి, పశువులు దిగకుండా వెదురు కంచె కట్టాం. పైనున్న పోడు చేను నుంచి మట్టి కొట్టుకొచ్చి పడకుండా అడ్డంగా రాళ్ల కట్ట కూడా వేశాం, ఆ చేను యజమాని ముందు ఒప్పుకోలేదు, తర్వాత ఆయనే రాళ్లు మోశాడు.

పూడిక కింద ఒక పెద్ద బండ బయటపడింది. దాని మీద పొడుగ్గా, నున్నగా అరిగిపోయిన గాడులు ఉన్నాయి. గొడ్డలి అంచు పెట్టి చూస్తే సరిగ్గా కూర్చుంది. నీళ్లకొచ్చినప్పుడు కత్తులు, గొడ్డళ్లు అక్కడే నూరుకునేవాళ్లని పెద్దోళ్లు చెప్పారు. ఎన్ని తరాలు నూరితే రాయి అంత లోతు అరుగుతుందో. దాన్ని కదపకుండా అలాగే ఉంచి చుట్టూ కట్టాం, ఇప్పుడు మళ్లీ నూరుకుంటున్నారు కూడా. పురాతన వస్తువు, ముట్టుకోకూడదు అని ఒక కుర్రాడు బోర్డు రాసుకొచ్చాడు, వద్దని చెప్పాం.

ఈ ఫాల్గుణంలో ఊట నీరు తగ్గలేదు. ఒక్క ఏడాదికే గొప్పలు చెప్పుకోను, వచ్చే మే చూసి మాట్లాడదాం.

విత్తనాల సంగతి ఆడవాళ్ల కమిటీ చూసింది. సామ, కొర్ర, చోళ్లు, కందులు, పాత రకం జొన్న, ఎవరింట్లో ఏది మిగిలుందో తిరిగి రాసుకున్నారు. పొయ్యి మీద అటకకి కట్టిన కంకులు పొగకి నల్లబడి ఉంటాయి చూడండి, వాటికి పురుగు పట్టదు. ఎండు సొరకాయ బుర్రల్లో బూడిద కలిపి దాచినవీ అంతే. కొన్ని రకాలు ఒక్క ఇంట్లోనే మిగిలాయి, వాటిని పంచి ఇంకొన్ని ఇళ్లలో వేయించారు, పంట వచ్చాక తీసుకున్నంత తిరిగి ఇవ్వాలన్నది షరతు. కాఫీ, మిరియాలు డబ్బు తెస్తున్నాయి, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఎవరూ కాఫీ మానేసి సామలు వేయమనడం లేదు. కానీ కొత్త పంట కొండదేవతకి పెట్టకుండా తినని ఊరు మనది. కొర్ర కొత్త చేసుకోవడానికి కొర్రలు సంతలో కొనుక్కొచ్చే రోజు వస్తే అది పండగెలా అవుతుందని కమిటీ అక్కలు అడుగుతున్నారు.

టూరిస్టుల గురించి గట్టిగానే రాయాలి. నవంబరు, డిసెంబరుల్లో వలిస పూలు పూస్తే పచ్చటి చేలల్లోకి దిగి, పడుకుని మరీ ఫొటోలు. తొక్కిన చేనులో గింజ ఎక్కడిది? ఈసారి చేల గట్టున తాడు కట్టి, లోపలికి వెళ్తే మనిషికింత అని చేను యజమాని వసూలు చేసుకునేలా ఏర్పాటు చేశాం, పనిచేసింది, నూనెకన్నా ఫొటోల మీదే ఎక్కువ వచ్చిందని ఒకాయన నవ్వాడు. ప్లాస్టిక్ మాత్రం మా వల్ల కాలేదు. సీసాలు, పలావు డబ్బాలు, బొంగు చికెన్ వెదుళ్లు, అన్నీ గెడ్డలోనే. మన అడ్డాకుల విస్తళ్లలో పెట్టండని కొట్లవాళ్లకి చెప్తే ఇద్దరు మార్చారు, మిగతావాళ్లు రేటు గిట్టదంటున్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. కింద మైదానం నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, కొండ అంచున ఉన్న భూమి లీజుకి ఇస్తే టెంట్లు వేస్తానని, పత్రాలన్నీ ఊళ్లో ఒకరి పేరు మీదే పెడదామని రెండిళ్ల వాళ్లకి ఆశ పెట్టాడు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉండగా ఇలాంటి బినామీ బేరాలు ఎక్కడ తేలతాయో మనం పక్క ఊళ్లలో చూశాం. గ్రామసభలో చర్చ పెట్టాం, ఆ రెండు కుటుంబాలూ వెనక్కి తగ్గాయి. వాళ్లని దోషుల్లా చూడకండి, కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సినవాడికి అడ్వాన్సు కనపడితే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. సంఘం తరఫున ఆ ఫీజుకి కొంత అప్పుగా ఇచ్చాం, వడ్డీ లేదు.

అటవీ హక్కుల చట్టం కింద దేవతల తోపుకి, ఊటకి సామూహిక హక్కు కోరుతూ పెట్టిన దరఖాస్తు ఇంకా కదల్లేదు. ఒక ఆఫీసులో మ్యాప్ లేదన్నారు, ఇచ్చాక తీర్మానం కాపీ లేదన్నారు, అదీ ఇచ్చాక సార్ లేరన్నారు. ప్రతి కాగితానికీ రసీదు తీసుకున్నాం. పట్టు వదలం.

రోడ్డు: వానాకాలంలో మళ్లీ కోసుకుపోయింది, ఒక బాలింతని డోలీలో మోసుకెళ్లాల్సి వచ్చింది, తల్లీబిడ్డా క్షేమం. దీని గురించి రాయడానికి కొత్తగా ఏమీ లేదు, అర్జీలు ఇస్తూనే ఉన్నాం.

లెక్కల పుస్తకం కోశాధికారి దగ్గరుంది, ఎవరైనా ఎప్పుడైనా చూడొచ్చు, బిల్లులతో సహా ఫొటోలు తీసి గ్రూపులో పెట్టాం. క్లుప్తంగా చెప్పాలంటే ఎక్కువ ఖర్చు ఊటకి అయింది, తర్వాత గోడకి రంగులు, రాసిన ఆర్టిస్టు కూలి. చందాల్లో బాకీ ఉన్నవాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు, వాళ్లకి తెలుసు.

వచ్చే ఏడాదికి మేం అనుకుంటున్నవి చెప్తాను, సమావేశంలో మార్చండి, కొట్టేయండి. పుస్తకంలో ఇప్పటిదాకా వచ్చిన కథల్ని శుభ్రంగా రాయించి రెండు కాపీలు చేయించాలి, ఒకటి బడిలో, ఒకటి సంఘం గదిలో. తాజంగి దగ్గర గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు కదా, మన మామ్మల గొంతులు అందులో వినపడే అవకాశం ఉందేమో అడగాలి, కాకపోతే రికార్డింగులు మన చేతిలోంచి పూర్తిగా ఇచ్చేయకూడదు, కాపీనే ఇవ్వాలి. మోరి చేయించడానికి కొత్త చెక్క కావాలి, ముసలాయనదే ఆ అమ్మాయి వాడుతోంది, అది పగిలితే ఇంకోటి లేదు.

విగ్రహం విషయం మళ్లీ లేవనెత్తాలనుకునేవాళ్లు ముందే రాసి ఇవ్వండి, ఎజెండాలో పెడతాం. సమావేశం ఇటుకల పండుగ రెండో రోజు పొద్దున, రచ్చబండ దగ్గర. వేటకి వెళ్లేవాళ్లు మీటింగయ్యాకే వెళ్లాలి, పోయినసారి కోరం లేక మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పట్నం నుంచి వచ్చేవాళ్లు ఏ రోజు బయల్దేరుతున్నారో చెప్తే నర్సీపట్నం నుంచి జీపు మాట్లాడతాం, చివరి బస్సు మీద ఆధారపడొద్దు.

మీ
కార్యదర్శి